ఖాళీ కొక్కెం

పంపులు బాగుచేసే ఆ షెడ్డులో మేస్త్రి పాదం నలిగిన నాటినుంచి, బరువులెత్తే హాయిస్ట్‌కు తాళం పడింది. గొలుసును పైకి చుట్టి కట్టేశారు. స్విచ్చి పెట్టెకు ఎర్రగుడ్డ వేలాడదీశారు. అంత బరువున్న పంపు కేసింగ్, దాని ఇనప డొల్ల, గాలిలో ఆగి ఉండగా కిందికి ఎలా దిగిందన్నది ఇంకా తేలలేదు. మేస్త్రి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ వేళ హాయిస్ట్ బటన్ల పెట్టె చేతిలో పట్టుకుని ఉన్నది మరిది. తప్పు తనదేనని అతనే అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న తీరే వదినకు కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది.

వదిన అంటే ఆ షెడ్డులో యంత్రాల మరమ్మతు చూసే మనిషి. మరిది అక్కడే పనిచేస్తూ రోజుకు వందసార్లు వదినా వదినా అని పిలవడంతో, వినీ వినీ షెడ్డంతటికీ ఆమె వదినే అయింది. ఆమెకంటే పెద్దవాళ్లూ అలాగే పిలుస్తారు. మేనేజరు కూడా ఒకసారి పొరపాటున వదినగారూ అనేసి నాలుక కరుచుకున్నాడు. ఒక్క మేస్త్రి మాత్రం అమ్మాయ్ అంటాడు. స్పానరు పట్టుకోవడం దగ్గరనుంచి మోటారు చప్పుడు విని జబ్బు చెప్పడం దాకా ఆమెకు పని నేర్పింది ఆయనే.

మరిది ఏమని ఒప్పుకున్నాడంటే, "నా బొటనవేలికి బద్ధకం సార్. వదలాల్సినప్పుడు బటన్ వదల్లేదు."

ఆ మాట అతనిది కాదు. అది వదిన మాట.

ప్రమాదానికి ముందురోజు, పని ముగిసే వేళకు, మరిది ఆమె దగ్గరికి వచ్చాడు. ఆపిన తర్వాత కూడా హాయిస్ట్ కొంచెం జారుతున్నట్టుంది, ఒకసారి చూడవా అన్నాడు. చూసింది. కొక్కేన్ని పైకి పోనిచ్చింది, కిందికి దించింది, మధ్యలో ఆపింది. మేకు కొట్టినట్టు ఆగింది. కానీ కొక్కేనికి బరువేమీ తగిలించలేదు. ఖాళీ కొక్కేన్ని ఎంత పాడైన బ్రేకైనా ఆపుతుందని, బరువు పెట్టి చూడనిదే బ్రేకు చూసినట్టు కాదని మేస్త్రి ఆమెకు నేర్పిన మొదటి పాఠం. అది ఆమెకు తెలియక కాదు. అత్తగారి కళ్లకు చుక్కల మందు తేవాలి, దుకాణం మూసేస్తారన్న తొందర. అంతే. సంచీ భుజానికి తగిలించుకుంటూ నవ్వింది. "జారేది హాయిస్ట్ కాదు నాయనా, నీ బొటనవేలు. దానికి బద్ధకం ఎక్కువ. వదలమంటే వదలదు."

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. మరిది కూడా నవ్వాడు, అందరికంటే కొంచెం ఆలస్యంగా.

మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట అంత దూరం పోలేదు. మరిది చెవిలోనే పడి, అక్కడే వేరు పట్టింది. మర్నాడు మేస్త్రి కేక విన్న క్షణంలో అతను తన కళ్లను నమ్మలేదు, తన చేతిని నమ్మలేదు, వదిన మాటను నమ్మాడనే ఆమె అనుకుంటోంది. వదిన చూసి బాగుందన్నాక బాగుండకుండా ఎలా ఉంటుంది?

ఇన్‌స్పెక్టర్ ప్రమాదం విచారించడానికి ఫ్యాక్టరీల శాఖ నుంచి వచ్చే రోజు ఉదయం మరిది కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, కలిపినదాన్ని మళ్లీ విడదీసి, చెయ్యి కడిగేసుకున్నాడు. లారీ నడిపే అతని అన్న, వదిన భర్త, ఊళ్లో లేడు. ఉంటే నాలుగు తిట్టి తినిపించేవాడేమో. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. కొడుకు బయటికి వెళ్లాక కోడలితో నెమ్మదిగా అంది, "నాకు సూదిలో దారం ఎక్కించేది వాడేనమ్మా. ఒక్కసారికే ఎక్కిస్తాడు. వాడి వేలు తప్పిందంటే నాకు నమ్మకం కుదరడంలేదు."

వదిన గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. మింగలేక కక్కలేక, గిన్నె అడుగున లేని మసిని ఇంకా గట్టిగా రుద్దింది.

ఇన్‌స్పెక్టర్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మాట తక్కువ మనిషి. వచ్చీరాగానే కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు మడిచి, ముందు నేలను చూశాడు. కేసింగ్ పడిన చోట సిమెంటు పగిలి చిన్న గుంట పడింది. దాని చుట్టూ నడిచాడు. తర్వాత తల పైకెత్తి హాయిస్ట్‌ను, దాన్ని మోసే దూలాన్ని, గొలుసును చాలాసేపు చూశాడు. మరిదిని పిలిచి ఆ రోజు జరిగింది చెప్పమన్నాడు. మరిది చెప్పాడు. బొటనవేలు దగ్గరికి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ ఆ వేలిని చూపించమన్నాడు. మరిది చెయ్యి చాపాడు. గోరు పక్కన గ్రీజు మరక తప్ప అందులో విశేషమేమీ లేదు. ఇన్‌స్పెక్టర్ తల పంకించి చెయ్యి వదిలేశాడు. వదిన మాత్రం ఆ వేలివైపు చూడలేకపోయింది.

తూకం తెలిసిన ఇనప దిమ్మె ఒకటి తెప్పించారు. చుట్టూ తాడు కట్టి, ఆ తాడు దాటి ఎవరూ రావద్దన్నారు. బటన్ల పెట్టె అందుకోమంటే మరిది వెనక్కి జరిగాడు. ఇన్‌స్పెక్టరే తీసుకున్నాడు. దిమ్మెను జానెడు ఎత్తు లేపి ఆపాడు. పక్కన నిలబెట్టిన చెక్క మీద, దిమ్మె అడుగుకు సరిగ్గా ఎదురుగా సుద్దతో గీత గీశాడు. షెడ్డంతా ఆ గీతనే చూసింది. దిమ్మె కదల్లేదు. దించి, ఇంకొంచెం పైకి లేపి ఆపాడు. కదల్లేదు. సగం దారిలో దింపుతూ దింపుతూ ఆపాడు. అప్పుడూ ఆగింది.

మేనేజరు ముఖం వెలిగింది. చూశారుగా సార్, యంత్రంలో లోపం లేదు, మనిషి పొరపాటు, అతను కూడా ఒప్పుకుంటున్నాడు, పాపం కావాలని చేసింది కాదు అంటూ ఒకదాని వెనక ఒకటి చెప్పుకుపోయాడు. పనివాళ్లలో కొందరు మరిదివైపు జాలిగా చూశారు, కొందరు చూపు తిప్పుకున్నారు.

వదినకు మొదట కలిగింది ఊరట. అది ఎంత నిజమో అంత సిగ్గుచేటు. బ్రేకు బాగుంటే ఆమె ఖాళీ కొక్కెంతో చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. ఆమె నోరు మూసుకుని నిలబడితే చాలు. ఆ ఊరట గుండెలోకి దిగి ఇంకా కుదురుకోకముందే, అది ఎవరిని తొక్కి వచ్చిందో కళ్లముందు కనబడింది. తాడు అవతల మరిది తల వంచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో శిక్షకు నిలబెట్టినవాడిలా ఉన్నాడు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె ఉద్యోగానికి వెళ్తానంటే ఇంట్లో అందరికంటే ముందు సరేనన్నది అతనే. షెడ్డులో తన పక్కన నిలబడి, మా వదిన మెకానిక్కు అని గొప్పగా చెప్పుకున్నది అతనే.

ఇన్‌స్పెక్టర్ కోటు కోసం చెయ్యి చాపాడు.

"సార్, అది ఇప్పుడు చల్లగా ఉంది," అంది వదిన. "ఆ రోజు పొద్దున్నుంచీ ఎత్తుతూనే ఉన్నారు. బాగా వేడెక్కాక పడింది. వేడెక్కించి చూడాలి."

మేనేజరు చురచుర చూశాడు. ఇన్‌స్పెక్టర్ కోటు అక్కడే వదిలేసి వెనక్కి తిరిగాడు.

"నేను ఆ కోటు తొడుక్కునేదాకా ఆగుదామనుకున్నాను," అన్నాడు. "ఎవరైనా చెబుతారేమోనని."

ఆ తర్వాత చాలాసేపు దిమ్మె పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. ఎత్తడం, ఆపడం, దించడం, ఆపడం. కొంతసేపటికి పైనుంచి కమురు వాసన సన్నగా దిగింది. ఆగేటప్పుడు మొదట టక్కున వినిపించిన చప్పుడు మెత్తబడింది. ఇన్‌స్పెక్టర్ ఈసారి దిమ్మెను నడుము ఎత్తున ఆపి కొత్త గీత గీశాడు. దిమ్మె ఆగింది. అందరూ చూస్తుండగా, ఏ బటన్ మీదా ఎవరి వేలూ లేకుండా, నిద్రలో ఒరిగే మనిషిలా అది మెల్లగా దిగడం మొదలుపెట్టింది. గీత నుంచి వేలెడు, తర్వాత బెత్తెడు. ఆ తర్వాత ఒక్కసారిగా జారి నేలను తాకింది. చప్పుడుకు రేకుల కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

గొలుసు ఇంకా ఊగుతోంది.

ఇప్పుడు మరిది ముఖం తేటపడాలి. బొటనవేలు నిర్దోషి అని కళ్లముందే రుజువైంది. కానీ అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు. తన వదినకేమవుతుందోనని భయపడుతున్నాడనుకుంది ఆమె. బ్రేకు చెడిందంటే, బ్రేకు చూడాల్సిన మనిషి ఎవరన్న ప్రశ్న వస్తుంది కదా.

ఆ ప్రశ్న వచ్చింది కూడా. ఇది ఒక్కరోజులో వచ్చే జబ్బు కాదు, ముందుగా ఎవరికైనా అనుమానం తగిలిందా, ఎవరైనా ఎవరికైనా చెప్పారా అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఆయన మాట పూర్తికాకముందే మరిది అందుకున్నాడు.

"లేదు సార్. ఎవరూ చెప్పలేదు."

అది వినగానే వదినకు ఆ కాస్త గట్టితనమూ సడలిపోయింది. తన తప్పును ఇన్నాళ్లూ అతను మోశాడు. ఇప్పుడు ఆ తప్పు కోసం అబద్ధం కూడా ఆడుతున్నాడు. ఆమె తాడు దాటి లోపలికి వచ్చింది.

"చెప్పాడు సార్," అంది. "ముందురోజు నాకే చెప్పాడు, జారుతోందని. నేను ఖాళీ కొక్కెంతో చూసి బాగుందన్నాను. బరువు పెట్టి చూడాలని నాకు తెలుసు. ఇంటికెళ్లే తొందరలో చూడలేదు. నీ బొటనవేలికి బద్ధకమని నవ్వులాట చేశాను. అతను ఆ మాటే పట్టుకుని ఇన్ని రోజులూ తప్పు తనదనుకుంటున్నాడు. తప్పు నాది."

షెడ్డులో ఎవరి ముఖాల్లో ఏముందో ఆమె చూడలేదు. ఇన్‌స్పెక్టర్ ఒక్క నిమిషం ఆమెనే చూసి, ఈ మాట ఇప్పుడు చెప్పడం కంటే ఆరోజు చెప్పి ఉంటే ఉపయోగం ఎక్కువగా ఉండేదన్నాడు. కటువుగా అనలేదు. కటువుగా అనకపోవడం వల్లే అది సూటిగా దిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టేనని ఆమెకూ తెలుసు. అవును సార్ అంది.

మేనేజరు ఫోను తీసుకుని ఆదరాబాదరా బయటికి నడిచాడు. టీ తాగి వచ్చి మూత విప్పుదామన్నాడు ఇన్‌స్పెక్టర్. అందరూ చెదిరారు. మరిది ఆమెను నీళ్ల డ్రమ్ము పక్కకు తీసుకెళ్లాడు.

"ఎందుకు చెప్పావు వదినా? అంతా నామీద ఉండిపోయేది కదా."

"నీమీద ఎందుకుండాలి?"

"ఉండనిస్తే అక్కడితో అయిపోయేది. ఆ మూత దాకా పోయేది కాదు," అన్నాడు అతను డ్రమ్ము మీద గోటితో గీస్తూ. "నీ ఉద్యోగం పోతే ఎలా?"

పోతే పోనీ, నువ్వు రెండు ముద్దలు తిను ముందు అంది వదిన. చెప్పేసినందుకు ఒళ్లు తేలికపడుతుందనుకుంది. పడలేదు. మేస్త్రి పాదం ఆమె చెప్పినా నలిగిందే, చెప్పకపోయినా నలిగిందే.

దిమ్మెను నేలమీదే ఉంచి, కరెంటు తీసి, స్విచ్చి పెట్టెకు తాళం వేసి, తాళంచెవి ఇన్‌స్పెక్టర్ జేబులో వేసుకున్నాడు. ఆయనా వదినా నిచ్చెన బల్ల ఎక్కారు. మోటారు చివర గుండ్రని మూత ఉంటుంది. బ్రేకు దాని వెనకే. వదిన మరలు విప్పి మూత తీసేసరికి నల్లటి పొడి జలజలా ముంజేతి మీద రాలింది. బ్రేకు బిళ్ళ అరిగి అప్పడంలా పలచబడింది. బిళ్ళను నొక్కే ఉక్కు పలకకు, ఆ పలకను లాగే అయస్కాంతానికి మధ్య సన్నటి సందు ఉండాలి. సందు కొలిచే రేకులు ఒక్కొక్కటే పెట్టి చూసింది. ఉండాల్సిన రేకు పెడితే వదులుగా ఆడింది. రెండు కలిపి పెట్టింది. అప్పుడూ ఆడింది.

ఆమె చెయ్యి ఆగింది. ఇన్‌స్పెక్టర్ కూడా ముందుకు వంగాడు.

హాయిస్ట్ బ్రేకు మనం అనుకునేదానికి తిరకాసుగా ఉంటుంది. కరెంటు బ్రేకు వెయ్యదు, బ్రేకు వదులుతుంది. బటన్ నొక్కితే అయస్కాంతం పలకను తనవైపు లాక్కుంటుంది, బిళ్ళ వదులై మోటారు తిరుగుతుంది. బటన్ వదిలితే అయస్కాంతం చచ్చి, స్ప్రింగులు పలకను బిళ్ళ మీదికి తోస్తాయి. కరెంటు పోయినా సరే, బరువును గాలిలో ఆపి ఉంచేది ఆ స్ప్రింగులే. బిళ్ళ అరిగేకొద్దీ సందు పెరుగుతుంది. ఇంత పెరిగితే అయస్కాంతానికి పలక అందదు. బ్రేకు వదలదు. మోటారు గుయ్యిమని మూలుగుతుందే తప్ప బరువు ఎత్తదు.

"ఇంత సందుంటే ఇది అసలు ఎత్తలేదు కదా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

వదిన మిగిలిన మరలు విప్పింది. పలక చేతిలోకి వచ్చింది. దాని వెనక స్ప్రింగులు కూర్చునే గుంటలు ఆరు. మూడింటిలో స్ప్రింగులున్నాయి. మూడు ఖాళీ.

ఎవరో తీసేశారు. స్ప్రింగులు తగ్గితే తోపుడు తగ్గుతుంది, అరిగిన బిళ్ళతో కూడా అయస్కాంతం పలకను లాగగలుగుతుంది, హాయిస్ట్ మళ్లీ ఎత్తుతుంది. పని సాగిపోతుంది. కానీ పట్టు సగమే మిగులుతుంది. చల్లగా ఉన్నంతసేపు అది చాలు. వేడెక్కితే చాలదు.

చివరిసారి మీరు విప్పినప్పుడు ఎన్ని ఉన్నాయని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఆరూ ఉన్నాయంది. ఈ కిటుకు ఈ షెడ్డులో ఎవరికి తెలుసని అడిగాడు. నాకు తెలుసు అంది. అది నిజమే. ఆమెకు నేర్పినవాడికి తెలుసన్నది కూడా నిజమే. బ్రేకు బిగుసుకుపోయి బరువు గాలిలో చిక్కుకున్నప్పుడు, వేరే దారి లేకపోతే, ఎదురెదురుగా ఉన్న రెండు స్ప్రింగులు తీసి బరువు దించుకోవాలని, అది దించుకోవడానికే తప్ప ఎత్తడానికి కాదని, దించిన వెంటనే హాయిస్ట్‌కు తాళం వెయ్యాలని మేస్త్రి చెప్పిన తీరు, ఆయన వేలు గాలిలో ఆడించిన తీరు ఆమెకు కళ్లకు కట్టినట్టుంది. ఆయన పేరు నోటిదాకా వచ్చి ఆగింది. ఎవరి పాదం నలిగిందో ఆ మనిషినే వేలెత్తి చూపించడానికి ఆమెకు నాలుక తిరగలేదు.

"సాయంత్రం దాకా టైమివ్వండి సార్. ఒకరిని అడిగి వచ్చి చెబుతాను."

ఆ ఒకరు ఎవరో ఆయనకు అర్థమయినట్టే ఉంది. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానన్నాడు.

ఆసుపత్రికి తోడు రమ్మంటే మరిది ఏదో పనుందన్నాడు. ఏం పని, షెడ్డే మూతపడి ఉంటే అని వదిన బలవంతాన లాక్కెళ్లింది. నీ తప్పు లేదని మేస్త్రి నోటితో నువ్వే వినాలి అంది. బస్సులో అతను కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. స్ప్రింగుల సంగతి ఆమె చెబుతుంటే ఒక్క ప్రశ్నయినా అడగలేదు. వార్డు గుమ్మం దాకా వచ్చాక, మేస్త్రికి నీళ్లు పట్టుకొస్తానని సీసా తీసుకుని వెనక్కి మళ్లాడు.

మేస్త్రి మంచం కిటికీ పక్కన ఉంది. పాదం మీద దుప్పటి తగలకుండా ఇనప చట్రం పెట్టారు. గడ్డం మాసి, ముఖం పీక్కుపోయి, షెడ్డులో గొంతెత్తితే మోటార్ల హోరును మించిపోయే మనిషి అక్కడ చిన్నగా కనబడ్డాడు. వదిన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఎలా ఉందని అడగబోయింది. ఆయనే ముందు అడిగాడు.

"మూత విప్పారా?"

తను అడగాల్సింది ఇంకేమీ లేదని ఆ ఒక్క మాటతో ఆమెకు తెలిసిపోయింది. విప్పాం అంది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. మూసుకునే చెప్పాడు.

ఆమె అత్తగారి కంటి ఆపరేషను కోసం సెలవు పెట్టిన వారంలో జరిగిందది. కేసింగ్ ఒకటి గాలిలో ఉండగా హాయిస్ట్ మూలిగి మొరాయించింది. దించడం కోసం రెండు స్ప్రింగులు తీశాడు. దిగింది. తాళం వెయ్యబోతే మేనేజరు వచ్చి, కొత్త బిళ్ళ తెప్పిస్తాను, అది వచ్చేదాకా ఇలాగే నడవనీ అన్నాడు. ఇంకా ఎత్తాల్సినవి వరసలో ఉన్నాయి. మేస్త్రి బరువు పెట్టి చూశాడు. నిలిచింది. సరేనన్నాడు. బిళ్ళ రాలేదు. ఆయన గట్టిగా అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదు మేస్త్రిగారూ?"

"చెబితే నువ్వు తాళం వేసేదానివి. నేర్పింది నేనే కదా, నువ్వేం చేస్తావో నాకు తెలియదా? నీ ముందు తల దించుకోవాల్సి వస్తుందని చెప్పలేదు, అమ్మాయ్. పడేది నా కాలి మీదే పడింది, ఒక రకంగా మంచిదే. ఇంకొకరి మీద పడుంటే ఈ మంచం మీద కూడా పడుకోలేకపోదును."

అప్పుడు వదిన తన సంగతి చెప్పింది. మరిది వచ్చి చెప్పడం, తను ఖాళీ కొక్కెంతో చూడడం, ఆ నవ్వులాట. దేన్నీ తగ్గించి చెప్పలేదు. మేస్త్రి తిడితే బాగుండుననిపించింది ఆమెకు. ఆయన తిట్టకుండా దుప్పటి మీదినుంచి చెయ్యి జరిపి ఆమె మణికట్టు మీద వేశాడు. ఇద్దరం కలిసి ఆ కుర్రాడి నెత్తిన పెట్టామన్నమాట అన్నాడు. వచ్చేటప్పుడు ఆ ఇన్‌స్పెక్టర్‌ను వెంటబెట్టుకు రా, నా నోటితోనే చెబుతానన్నాడు.

వదినకు కళ్లు తుడుచుకోవడానికి కొంగు అందలేదు. మోచేతితో తుడుచుకుంది. ఆయన పట్ల కోపం ఎంత వెతికినా దొరకలేదు. దొరికినదల్లా తనమీదే. ఏదో ఒకటి అనాలని, ఒకందుకు అదృష్టమే మేస్త్రిగారూ, సగం స్ప్రింగులతో అది అన్ని రోజులు నిలవడమే గొప్ప అంది.

మేస్త్రి తల తిప్పాడు. "సగమేంటి?"

"మూడు లేవు కదా."

"రెండు తీశాను నేను. ఎదురెదురుగా రెండు. నాలుగుంటే నిలుస్తుంది, బరువు పెట్టి చూశానని చెప్పాను కదా." ఆయన మోచేతుల మీద లేవబోయి నొప్పికి ఆగాడు. "మూడా? నువ్వు సరిగ్గా చూశావా?"

"నేను చూశాను. ఇన్‌స్పెక్టరూ చూశారు. మూడు గుంటలు ఖాళీ."

మేస్త్రి ఏదో లెక్క వేసుకుంటున్నట్టు, ఆ లెక్క తేలిన కొద్దీ భయపడుతున్నట్టు కనబడ్డాడు.

"నేను చేశాక కొన్నాళ్లకు, నువ్వూ నేనూ లేని ఒక పూట, అది మళ్లీ మొరాయించిందట," అన్నాడు మెల్లగా. "బిళ్ళ ఇంకా అరిగి ఉంటుంది. మర్నాటికి దానంతటదే బాగైందన్నారు. నేను నమ్మాను. దానంతటది ఎలా బాగవుతుంది అమ్మాయ్? ఎవరో నేను చేసిందే చేశారు. ఎదురెదురుగా తీయాలని కూడా తెలియనివాడు. చూసి నేర్చుకున్నవాడు."

"మీరు తీస్తుంటే ఎవరు చూశారు?"

"పైన చీకటిగా ఉందని ఒక మనిషిని టార్చి పట్టుకోమన్నాను. అన్నీ అడిగాడు. ఇదేంటి, అదేంటి, తీస్తే ఏమవుతుందని. వదిన లేనప్పుడు నేనూ కొంచెం నేర్చుకుంటానన్నాడు. ముచ్చటేసి చెప్పాను."

ఆయన చూపు ఆమె భుజం మీదుగా గుమ్మంవైపు పోయి అక్కడే నిలిచిపోయింది.

వదిన వెంటనే వెనక్కి తిరగలేకపోయింది. తిరిగేసరికి గుమ్మంలో నీళ్ల సీసా నేలమీద పెట్టి ఉంది. మూత బిగించలేదు. నడవాలో ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు మెట్లవైపు దూరమవుతోంది.

"లే, వెంటపడు," అన్నాడు మేస్త్రి. "వాణ్ణి ఈపూట ఒంటరిగా వదలకు అమ్మాయ్."

మూడో స్ప్రింగు తీసిన చెయ్యి ఎవరిదో, ఆ మూత దాకా పోకూడదని అతను ఎందుకు అనుకున్నాడో ఇప్పుడు అర్థమవుతుండగా ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగింది. కింద మందుల కొట్టు ముందు జనం, గేటు దగ్గర ఆటోలు. రోడ్డుకు ఈ చివరా ఆ చివరా చూసింది. మరిది ఎక్కడా లేడు. ఫోను చేస్తే మోగింది. రెండోసారి చేసేసరికి ఫోను ఆపేసి ఉంది.